చూపు ఒకటి, తలంపులు అనేకము

ధ్యాన భాగము : లూకా 10:38–42



ఆదివారపు ఆరాధనలో కూర్చున్నప్పుడు ఎన్ని సంగతులు మన కంట పడుచున్నవి! మైకు కీచుమనును. ఎవరో ఆలస్యముగా వచ్చి గుమ్మమునొద్ద నిలుచుందురు. ముందు వరుసలోని పసివాడు వెనుకకు తిరిగి నవ్వును. ప్రక్కవారి చేతిలో సెల్‌ఫోను వెలుగును. వాక్యము వినవచ్చిన మనస్సు ఎక్కడికో పోవును. దేవుడు మన చూపును ఎట్లు నిర్మించెనో కొంచెము ఆలోచింతము.

మన కన్ను ఒక్కసారిగా స్పష్టముగా చూచునది చాచిన చేతి బొటనవ్రేలి వెడల్పంత మాత్రమే. మిగిలినదంతయు మసకగానే ఉండును. అయినను ఆ మసకలో ఏదైన కదలినచో మెదడు వెంటనే అటు తిరుగును. అపాయమునుండి తప్పించుకొనుటకు అది మేలైన ఏర్పాటే. కాబట్టి చూపు తిరుగుట దోషము కాదు. తిరిగి వాక్యమునొద్దకు రాకపోవుటయే నష్టము.

1985లో అమెరికాలో మోరాన్, డెసిమోన్ అను శాస్త్రజ్ఞులు కోతుల మెదడులో చూపునకు సంబంధించిన కణములను పరీక్షించిరి. రెండు గుర్తులు చూపి, ఒకదానినే గమనించుట నేర్పిరి. విడిచిపెట్టిన గుర్తుకు ఆ కణముల స్పందన బహుగా తగ్గెను. రెండును కన్నుల ముందే యున్నవి. మెదడు ఒకదానికే తావిచ్చెను.

నిల్లీ లావీ అను శాస్త్రవేత్త 1995లో మరియొక సంగతి తెలిపిరి. కంటికి నిండుగా పని యున్నప్పుడు అక్కరలేనివి లోనికి రావు. పని తేలికైనచో మిగిలిన ధ్యాస వాటిమీదికి పోవును. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో, "అటు చూడకండి" అని పిల్లలను గద్దించుటకంటె వారి చేతికి పని ఇమ్మని నేర్పిరి. కన్నడములోను, తమిళములోను, ఒడియాలోను, మరాఠీలోను చదువుకొనుచున్న మన పిల్లలను గుడిలో ఊరక కూర్చుండబెట్టి, అల్లరి చేయుచున్నారని కోపించుట న్యాయమా? తెలుగు బైబిలు వారి ఒడిలో ఉంచి, వచనము వెంబడి వ్రేలు నడిపింపుడి.

2004లో ఆమెయు, తోడి పరిశోధకులును ఇంకొకటి చూపిరి. మనస్సులో అంకెల వరుసను మోయుచు పని చేయువారిని అక్కరలేనివి మరి ఎక్కువగా లాగును. ఇక్కడ మార్త జ్ఞాపకము వచ్చుట లేదా? ఆమె వంట పాపము కాదు. అనేక పనులను గూర్చిన చింత ఆమె లోపల నిండియుండెను. అందుచేత ఎదుటనున్న ప్రభువుకంటె కూర్చుండియున్న చెల్లెలే ఆమె కంటికి పెద్దదిగా కనబడెను.

అయితే ఏకాగ్రతకు కూడ ఒక అపాయము కలదు. 1999లో సైమన్స్, చాబ్రిస్ అనువారు ప్రచురించిన పరీక్షలో, బంతి ఎన్నిసార్లు చేతులు మారెనో లెక్కించుమని చూపరులకు చెప్పిరి. ఆటగాండ్ర మధ్యనుండి గొరిల్లా వేషముతో ఒకరు నడచిపోగా, సుమారు సగము మంది చూడనేలేదు.

ఆ సగము మందిలో మేమును ఉన్నాము. ఒక యేడు కోత పండుగ ఏర్పాట్లలో పెద్దలమైన మేము కుర్చీలు, రసీదులు, కానుకలు లెక్కించుచుంటిమి. ప్రతి ఆదివారము కిటికీ ప్రక్కన కూర్చుండు వృద్ధ విధవరాలైన సహోదరి నాలుగు వారములు రాలేదు. ఆమె చోటు మా కన్నుల ఎదుటనే ఖాళీగా ఉండెను. ఆమె అద్దె గదిలో జ్వరముతో పడియున్నదని పొరుగింటి అన్యమతస్థురాలు వచ్చి చెప్పువరకు మాకు తెలియదు. ఆ తల్లి మమ్మును ఒక్క మాట అనలేదు. "పండుగ బాగుగా జరిగినదా అయ్యా?" అని అడిగెను. మేము తల వంచుకొంటిమి.

ప్రియులారా, మనము దేనిని లెక్కించుచున్నామో దానినే చూతుము. అందుచేత గుడికి వచ్చునప్పుడు మన చింతలను ముందుగా ప్రార్థనలో దింపుకొందము. వాక్యమును వ్రేలితో వెంబడించుదము. వెళ్లునప్పుడు ఖాళీగా ఉన్న చోట్లను లెక్కించి, ఆ సాయంకాలమే వారి తలుపు తట్టుదము. ప్రభువు పాదములయొద్ద కూర్చున్నవారికి ఆయన చూచువారు కనబడకపోరు.

అట్టి తేట చూపును ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమెన్.