విన్నది దించుకుంటే చాలదు

మంత్రాలయం రాఘవేంద్రస్వామి అనగానే మనకు గుర్తొచ్చేది మొక్కులు, మహిమలు, గురువారాలు. మాధ్వ పండితులు మాత్రం ఆయన్ను టిప్పణాచార్య చక్రవర్తి అంటారు. పాత గ్రంథాల పక్కన కూర్చుని వివరణలు రాసినవారిలో ఆయనే సార్వభౌముడని వారి లెక్క. ఆ బిరుదు వెనక మఠ సంప్రదాయం చెప్పే కథ ఒకటి ఉంది.

సన్యాసానికి ముందు ఆయన వేంకటనాథుడు. కుంభకోణంలో సుధీంద్రతీర్థుల దగ్గర చదువు. కటిక పేదరికం. పగలు విన్న పాఠంమీద రాత్రిపూట రాసుకునేవాడు. ఒక అర్ధరాత్రి గురువు వచ్చి చూస్తే శిష్యుడు కటిక నేలమీద నిద్రపోతున్నాడు. పక్కన తాటాకులున్నాయి. న్యాయసుధలో గురువుకే కొరుకుడు పడని చోట వాటిలో విడమరిచి ఉంది. గురువు తన శాలువా తీసి శిష్యుడికి కప్పి, ఆకులు పట్టుకెళ్లారు. ఆ తర్వాత నిండు సభలో పరిమళాచార్యుడని పేరిచ్చారు. బాదరాయణుల సూత్రాలు, వాటిమీద మధ్వాచార్యుల అనువ్యాఖ్యానం, దానిమీద జయతీర్థుల న్యాయసుధ, దానిమీద పరిమళమనే ఈ టిప్పణి. ఒకరు రాసినదాని అంచున మరొకరు ఆలోచించుకుంటూ పోతే వచ్చిన వరస ఇది.

గంటంతో తాటాకుమీద గీస్తే అక్షరం సరిగా కనబడదు. మసిలో పసరు కలిపి పూసి తుడిస్తే గీతల్లోకి నలుపు దిగి అప్పుడు తేలుతుంది. పొరపాటు పడితే చెరిపే దారి లేదు. ఏం రాయాలో ముందే తేల్చుకోవాలి. మన రికార్డింగులకు ఆ బాధ లేదు. ప్రవచనమంతా ఫోనులోకి ఎక్కించి, మళ్లీ వినకుండానే పదిమందికి పంపేస్తాం. రామకోటి రాసేవాళ్లను నేను తక్కువ చేయను. అది మనసును ఒక్కచోట నిలపడానికి. టిప్పణి అందుకు భిన్నం, మనసును కదిలించడానికి. శ్రవణం తర్వాత మననం అన్నారు పెద్దలు. మనలో చాలామంది శ్రవణం దగ్గరే ఆగిపోయి, అదే భక్తి అనుకుంటున్నారు.

మననానికి పటం కూడా వాళ్లే గీసిచ్చారు. వేదాంతంలో ప్రతి అధికరణానికీ, అంటే ఒక్కో చర్చకూ, ఐదు అంగాలు: విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి. కాగితంమీద ఐదు గళ్లు గీసుకుంటే సరి. అన్నిటికన్నా ముఖ్యమైంది మూడోది. ఎదుటివాడి వాదాన్ని వాడు కూడా ఒప్పుకునేంత బలంగా మన చేత్తో మనమే రాయాలి. అది రాయనివాడి సిద్ధాంతం అరువు సొమ్మే.

గీతలో మూడో అధ్యాయం తీయండి. 14వ శ్లోకంలో ప్రాణులకు అన్నం, అన్నానికి వాన, వానకు యజ్ఞం, యజ్ఞానికి కర్మ ఆధారమని వరసగా ఉంటుంది. 16వ శ్లోకంలో కృష్ణుడే దీన్ని చక్రమన్నాడు. ఆ మాట పట్టుకుని నిజంగానే చక్రం గీయండి. ఆలూరు, పత్తికొండ పక్క రైతు గీస్తే వాన అన్నచోట పెన్సిలు ఆగుతుంది. వాన ఎగ్గొట్టడం మన పాపమేనా అన్నది సంశయం. ఔననేది పూర్వపక్షం, ఊళ్లో పెద్దలు చెప్పేదీ అదే. మరి నిన్నగాక మొన్న పుట్టిన బిడ్డ ఏ పాపం చేసింది? పోయినేడు పడిన నాలుగు వానల నీళ్లు చెరువులో ఎందుకు నిలవలేదు? పూడిక ఎవరు తీయాలి? కర్మ అన్న మాట నుంచి చెరువు కట్టదాకా బాణం గీస్తాడు. ఆ బాణం ఏ ప్రవచనంలోనూ వినింది కాదు, ఆయన సొంతం. చక్రాన్ని తిప్పనివాడి బతుకు వృథా అని అదే శ్లోకం అంటోంది కాబట్టి బాణం దారి తప్పిందని నేననుకోను.

పటంతో ఒక చిక్కుంది. దాన్ని ఎవరో చెప్పగా విని నిజమని పట్టుకుంటే కక్కయ్య కథ అవుతుంది. కడప జిల్లా కందిమల్లాయపల్లె బ్రహ్మంగారి గాథల్లో అందరికీ తెలిసిన కథే. స్వామి తన శిష్యుడు సిద్ధయ్యకు దేహంలోని చక్రాలు, వాటి అధిదేవతల గురించి చెబుతుంటే కక్కయ్య చాటుగా విన్నాడు. ఇంటికెళ్లి, నిద్రపోతున్న భార్యను కోసి చూశాడు. నెత్తురు తప్ప దేవతలెవరూ కనబడలేదు. స్వామి వచ్చి వాళ్లను చూపించి, ఆమెను బతికించారని గాథ. భార్యమీద కత్తి పెట్టినవాడిని జనం అమాయక భక్తుడిగా చెప్పుకోవడం నాకు రుచించదు. సిద్ధయ్య ప్రశ్నలడిగి తెలుసుకున్నాడు. కక్కయ్య ఒక్క ప్రశ్నా అడగలేదు.

రాఘవేంద్రులు 1671లో బృందావన ప్రవేశం చేసిన శ్రావణ బహుళ విదియనాడు ఏటా తుంగభద్ర ఒడ్డున ఆరాధన జరుగుతుంది. ఈసారి వెళ్లేవాళ్లు సంచిలో ఒక నోటుపుస్తకం, పెన్సిలు వేసుకోండి. విన్నదాన్ని ఎడమ పేజీలో దించుకోండి. కుడి పేజీలో మీ సందేహమే రాయండి.