కొండకు గడప

దూరమునుండి శ్రమపడి వచ్చినవానికి, ఆ శ్రమవలన చూచే హక్కు కలుగుతుందా? యాత్రికులమైన మనమందరము ఏదో ఒకనాడు ఈ ప్రశ్నను ఎదుర్కొనవలసినవారమే. రైలులో రెండు రాత్రులు గడిపినాము, క్యూలో గంటలకొలది నిలిచినాము, కనుక మాకు చూపి తీరవలెనని లోలోపల ఒక పద్దు వ్రాసికొంటాము. ఈ పద్దు సరియైనదేనా అన్న సందేహము నాకు దేవాలయములో కలుగలేదు. ఒక కొండ అడుగున, అటవీశాఖవారి బస్సు ఎక్కేచోట కలిగినది.

కేరళలోని ఇడుక్కి జిల్లాలో, మున్నారు పట్టణానికి సమీపమున ఎరవికుళం జాతీయోద్యానము ఉన్నది. దాని వైశాల్యము 97 చదరపు కిలోమీటర్లు. హిమాలయములకు దక్షిణమున ఇంతకన్న ఎత్తైనది లేదని పేరుపొందిన ఆనముడి శిఖరము (2,695 మీటర్లు) ఇచ్చటనే ఉన్నది. ఆ పేరుకు ఏనుగు తల అని అర్థము చెబుతారు. నీలగిరి తార్ అనే కొండమేక పడమటి కనుమలలో తప్ప లోకములో మరెక్కడా సహజముగా జీవించదు. తమిళులు దానిని వరైయాడు అంటారు; వరై అనగా కొండ, ఆడు అనగా మేక. మిగిలియున్న ఆ జాతి ఈ కొండలలోనే అధికముగా ఉన్నది.

2009 ఫిబ్రవరిలో మేము గురువాయూరప్పని సేవించుకొని, మధుర వద్ద అళగర్ కోవెలకు పోతూ దారిలో మున్నారులో దిగినాము. అప్పటికి మా అమ్మకు డెబ్బది ఎనిమిది ఏండ్లు. గజేంద్ర మోక్షము ఆమెకు కంఠస్థము. ఏనుగు తల వంటి కొండ ఉన్నదని ఎవరో చెప్పగా, ఎన్నడూ ఏదీ అడుగని మనిషి, దానిని దగ్గరగా చూడవలెనని అడిగినది. తీరా పోయేసరికి ద్వారము మూసి ఉన్నది. కొండమేకలు ఈనే కాలము కావున ఏటేటా ఫిబ్రవరి, మార్చి నెలలలో సందర్శకులను రానీయరు. ఆ సంగతి ముందుగా విచారించుకొనకపోవుట నా తప్పే. అయినను ఆ తప్పును కావలివానిపై మోపి వాదమునకు దిగినాను. ఆంధ్రదేశమునుండి వచ్చినామన్నాను. ఈ వయసులో ఆమె మరల రాలేదన్నాను. చెప్పుటకు సిగ్గుగా ఉన్నది గాని, ఎంతైనా ఇస్తానని కూడ అన్నాను. అతడు కోపించలేదు. చేతిని మోకాలి ఎత్తున పట్టి చూపి, "కుట్టి, కుట్టి" అని రెండుసార్లు మాత్రము అన్నాడు.

నాకంటె ముందు అమ్మకు అర్థమైనది. "చిన్నపిల్లలున్నాయట. పురిటింట్లోకి పరాయివాళ్ళం పోతామా నాయనా? పద" అని కారువైపు నడిచినది. దూరమున మేఘములలో ఏదో నల్లని కొండ కనిపించినది. అది ఆనముడియో కాదో నేటికీ తెలియదు. ఆమె మాత్రము దానికే చేతులెత్తి నమస్కరించినది. మూడేండ్లకు ఆమె పరమపదించినది.

అమ్మ మాట గొప్పదని చెప్పి ఇంతటితో ముగించవచ్చును. కాని నా మనస్సు అంత సులభముగా ఒప్పుకొనలేదు. ఆ నిబంధన ధనికునికీ పేదవానికీ సమానమే. యువకునికీ వృద్ధురాలికీ మాత్రము సమానము కాదు. యువకునికి ఏప్రిల్ వస్తుంది. వృద్ధురాలికి వస్తుందని ఎవరు చెప్పగలరు? ఒక్కరిని పంపినంత మాత్రమున కొండకు వచ్చే కీడేమి? ఏండ్ల తరబడి ఇట్లు తర్కించుకొన్నాను. ఆ "ఒక్కరు" ప్రతి కారులోను ఉంటారనీ, మా వెనుక నిలిచిన కార్లలో ఎందరు అమ్మలున్నారో నేను తిరిగి చూడనైనా లేదనీ చాలా ఆలస్యముగా తోచినది. అయినను ఆమెకు కలిగిన లోటు లోటే. న్యాయమైన నియమము వలన కూడ ఒకరికి నష్టము కలుగుతుంది. ఆ నష్టము లేనట్లు మాట్లాడుట న్యాయము కాదు.

ఈ కొండల చరిత్రలో ఒక విచిత్రమున్నది. తేయాకు తోటలు నాటించిన దొరలు ఈ గడ్డిభూములను వేటకై ప్రత్యేకించుకొన్నారు. ముతువాన్ అనే గిరిజనులను కావలికి పెట్టి మేకలను రక్షించినారు. దేనికొరకు? తాము వేటాడుటకు! ప్రభుత్వము 1971లో చేసిన చట్టముతో కంపెనీ భూములను స్వాధీనము చేసికొన్నది. 1975లో ఇది అభయారణ్యమైనది, 1978లో జాతీయోద్యానమైనది. వేటగాని కాపుదల వలననే మేకలు మిగిలినవనుట కాదనలేని నిజము. నాదిగా ఉండవలెనని కాపాడుట వేరు, అదిగా ఉండవలెనని కాపాడుట వేరు. తుపాకి బదులు కెమెరా పట్టిన మనము ఈ రెండింటిలో ఏ కోవకు చెందినవారమో, ఎవరికి వారే చూచుకొనవలెను.

2023 నవంబరులో కుమారుని కుటుంబముతో మరల వెళ్ళినాను. సొంత వాహనములు ద్వారము వద్దనే నిలిచిపోవలెను. టిక్కెట్టు కొని, వరుసలో నిలిచి, అటవీశాఖ బస్సులో రాజమల వరకు పోవలెను. ఉద్యానములో సందర్శకులకు తెరచినది ఆ కొద్ది భాగమే. పెద్ద కారులో వచ్చిన ఒక ఆసామి బస్సులో నా ప్రక్కన కూర్చుండి దారి పొడవునా విసుగుకొన్నాడు. ఆయనకు అటుప్రక్కన, ఆర్టీసీ బస్సులో వచ్చిన ఒక కూలి కుటుంబము నిశ్శబ్దముగా కిటికీలోనుండి చూస్తున్నది. తేయాకు తోటల నడుమ మలుపులు తిరుగుతూ బస్సు ఎక్కుతున్నది. ఎక్కడ ఆగవలెనో, ఎంత వేగమున పోవలెనో మన చేతిలో లేదు. మన పెద్దలు పారతంత్ర్యము అన్న మాటను ఎంత పెద్ద అర్థములో వాడినారో ఎరుగుదును. దానిని బస్సు ప్రయాణమునకు అన్వయించుట సాహసమే. కాని ఆ గుణమును అలవరచుకొనుటకు చిన్న బడి కూడ ఒకటి కావలెను గదా!

బస్సు దిగి నడుస్తుండగా మనుమడు, "తాతయ్యా, ఆ కొండపైకి ఎప్పుడు పోతాము?" అన్నాడు. పోనీయరన్నాను. పోనీ, నీలకురింజి పువ్వులైనా చూపమన్నాడు. అవి పన్నెండేండ్లకు ఒకసారి కొండనిండా పూస్తాయి. 2006లో పూచినవి, 2018లో పూచినవి, మరల 2030లో పూయవలెను. "అయితే ఏం చూడటానికి వచ్చాం?" అని వాడు నిలదీసినాడు.

వానికి కులశేఖరాళ్వారుల కథ చెప్పినాను. ఆయన ఈ చేరదేశపు రాజే. రాజ్యభోగము వలదని, తిరుమల కొండపై కొంగగానో, కోనేటి చేపగానో, చెట్టుగానో, చివరకు గుడి మెట్టుగానో పడియుండు భాగ్యమును పెరుమాళ్ తిరుమొళిలో కోరుకొన్నారు. ఆయన చూడవలెనని కోరలేదా? కోరినారు. అయితే పదిమంది త్రొక్కిపోయే రాయిగా పడియుండి చూడవలెనని కోరినారు. నేటికీ తిరుమల గర్భాలయపు గడపను కులశేఖరపడి అంటారు. మనబోటివారము దానికి ఇవతలనే నిలుస్తాము. లోపలికి పోనీయలేదని ఎవరమూ అలుగము. "మరి నాయనమ్మతో వచ్చినప్పుడు నువ్వు అలిగావుగా?" అన్నాడు వాడు. ఇంటిలో ఎవరో చెప్పియుందురు. నేను బదులు చెప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఒక మలుపు తిరుగుతుండగా, బాటకు పది అడుగుల దూరమున, రాతిచరియ అంచున ఒక తల్లిమేక, దానిప్రక్క సగము ఎదిగిన పిల్ల కనిపించినవి. ప్రక్కనున్న ఆసామి "ఆపు, ఆపు" అని లేచినాడు. నాకును ఆ మాట నోటివరకు వచ్చినది. డ్రైవరు ఆపలేదు. తల్లి తలయెత్తకుండ గడ్డి మేస్తూనే ఉన్నది. పిల్ల మాత్రము ఒక్క క్షణము బస్సువైపు చూచినది.