భూమి నడిగినవాని ఋణము

పూర్ణకాముడైన పరమేశ్వరునకు కోరవలసినదేదియు లేదు. కోరిక లేనివాడు ఏ పనికిని పూనుకొనడు. అట్లయినచో ఈ జగత్తు నాతడేల సృష్టించెనను ప్రశ్న మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. బాదరాయణుడు బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయము మొదటి పాదమున దీనికి సమాధానము చెప్పుచు సృష్టి కేవలము లీల యని నిర్ణయించినాడు. కోరికలన్నియు తీరిన మహారాజు ఏ ఫలమును ఆశింపకయే విహారములలో ప్రవర్తించునట్లు, ప్రాణి తలంపు లేకయే ఊపిరి పీల్చి విడుచునట్లు, ఈశ్వరుడు సృష్టి చేయుచున్నాడని శంకరభగవత్పాదులు ఆ సూత్రమును వివరించినారు. ఇంతవరకు అందఱును ఎఱిగినదే. అయితే దాని వెనువెంటనే వచ్చు సూత్రమును మనము తఱచుగా స్మరింపము. లీల యని చెప్పి సూత్రకారుడు ఊరకుండలేదు. ఆ లీలలో ఒకడు సుఖించుచు మఱియొకడు నలిగిపోవుచుండగా ఆడువానికి పక్షపాతదోషమును నిర్దయత్వమును అంటవా యను ఆక్షేపమును తానే ఎత్తికొని బదులు చెప్పుటకు పూనుకొన్నాడు. ఆట యన్న మాటకును అన్యాయమను ఆక్షేపమునకును నడుమ ఆయన మఱియొక సూత్రమునకైనను చోటీయలేదు. ఆ సామీప్యమును గూర్చియే ఇచ్చట ఆలోచింపదలచినాను.

జనగామలో మా మేనల్లుడు కంప్యూటరు ముందు కూర్చుండి తాను కట్టుకొన్న నగరమునకు ఒక పెద్ద అంతర్జాతీయ విమానాశ్రయమును అమర్చుచుండగా ఈ ఆలోచన నాకు బలపడినది. ఆ ఆట పేరు ‘సిటీస్ స్కైలైన్స్’. ఫిన్లండు దేశపు కలోసల్ ఆర్డర్ సంస్థ నిర్మింపగా 2015లో వెలువడినది. 2022 జనవరిలో విమానాశ్రయముల కొఱకే ఒక అనుబంధము దానికి చేరినది. రన్‌వేలు, వానికి పోవు టాక్సీవేలు, ప్రయాణికుల టెర్మినళ్ళు, సరకుల టెర్మినళ్ళు, మెట్రో స్టేషను — వీనినన్నిటిని ఆడువాడు తన యిచ్చవచ్చినట్లు గీసికొనవచ్చును. వాడు పొడవైన రన్‌వే నొకదానిని గీయబోగా దానికడ్డముగా ఒక చిన్నవాడ వచ్చినది. బుల్‌డోజరు బొమ్మను నొక్కి ఒక్కొక్క యింటిమీదికి మౌసును తెచ్చినాడు. నొక్కినంతనే కొంచెము దుమ్ము లేచినది, ఇల్లు లేదు. వాడ తుడిచిపెట్టుకొనిపోయిన పిమ్మట వట్టి పచ్చికనేల మిగిలినది.

“అండ్ల ఉన్నోళ్ళు ఏడికి బోతర్రా?” అని అడిగితిని.

“ఏడనో ఓ కాడ ఇల్లు దొరుకుతది మామా. ఊరు తియ్యకుంటె రన్‌వే సాఫ్‌గ రాదు” అని వాడు సహజముగా బదులు చెప్పినాడు.

ఆ పిల్లవాని హృదయము కఠినమైనది కాదు. విమానముల మ్రోత యిండ్లకు సోకినచో జనులు జబ్బుపడుదురని ఆటలో నున్నది గనుక, టెర్మినలును నివాసములకు దూరముగా జరిపి, నడుమ చెట్లు నాటుటకు చాల శ్రమపడినాడు. ఇట్టి ఆటలు యువకులను చెడగొట్టునని చెప్పువారితో నేనేకీభవింపను. ఈ జాతి ఆటల పుట్టుకయే చాల శుభప్రదమైనది. విల్ రైట్ అను అమెరికా దేశస్థుడు 1984లో హెలికాప్టరుతో బాంబులు వేయు యుద్ధపుటాట నొకదానిని రచించుచు, శత్రువుల దీవులను ధ్వంసము చేయుటకంటె ఆ దీవులను కట్టుటయే తనకెక్కువ ఆనందముగా నున్నదని గ్రహించి, ఆ ఆనందమునుండియే 1989లో ‘సిమ్ సిటీ’ని వెలయించినాడు. కూల్చుటకంటె కట్టుట హృద్యమని గుర్తించిన మనస్సులోనుండి పుట్టిన విద్య యిది. ఒకచోట చేసిన పని ఫలము వేఱొకచోట ఎట్లు తేలునో, మురుగు పాఱుదలకును రోగమునకును, రహదారికిని వర్తకమునకును ఎట్టి సంబంధము కలదో ఈ ఆటలు చక్కగా నేర్పును.

వీనిలో లేనిది ఫలము కాదు; అడుగువాడు. ఆ పౌరులకు పేళ్ళున్నవి, ఇండ్లున్నవి, ఉద్యోగములున్నవి. ఒకని వెంట మనము చూపును నడపి వాడెచటికి పోవుచున్నాడో కనుగొనవచ్చును. 2015 నాటి ఆటలో నగరవాసులు లక్షలున్నను ఒక్కసారిగా సంచరింపగలవారు 65,536 మందియే. తక్కినవారు లెక్కలలో నుందురు గాని దారిలో నుండరు. వారిలో నెవడును తలయెత్తి, నా యిల్లేల తీసితివని అడుగలేడు. బాదరాయణుని లోకమునందు ఆ ప్రశ్న పుట్టుటకు చోటున్నది. సృష్టింపబడినవాడు సృష్టికర్తను నిలదీయవచ్చునని అంగీకరించిన శాస్త్రము మనది. ఆ యంగీకారమే లేకున్నచో లీలావాదమంత భయంకరమైన సిద్ధాంతము మఱొకటి యుండెడిది కాదు.

లీల యను తత్త్వమును ఈ జనగామ ప్రాంతము కావ్యముగా ననుభవించినది. ఇప్పటి జనగామ జిల్లా పాలకుర్తి మండలములోని బమ్మెర పోతనామాత్యుని జన్మస్థలము. ఆయన భాగవతమును ప్రారంభించుచు మొదటి పద్యముననే, క్రీడాసక్తమైన చూపులనుండి నానావిధ బ్రహ్మాండములు పుట్టింపగల దేవుని ధ్యానించినాడు. అయితే ఆ పద్యము ముగియుచోట ఆ దేవుడు నందుని యిల్లాలి బిడ్డ. బ్రహ్మాండములతో నాడుకొనువాడు ఒక తల్లి యొడిలో నున్నాడు, మన్ను తిన్నందుకు మందలింపబడినాడు, రోటికి కట్టబడినాడు. ఆటగాడు పైన కూర్చుండి పటమును చూచుచున్నాడన్న భావన పోతనకు రుచింపదు. ఆయన దేవుడు తానాడు నేలమీదికి దిగి, అచ్చటి ధూళిని తాను పూసికొని, అచ్చటివారి కోపమునకు తాను పాత్రుడగును.

అష్టమస్కంధములోని వామనచరిత్రము మన యిండ్లలో పెద్దలు కంఠస్థము చేసినది. ఇది భూమి నడుగుట గూర్చిన కథ యని మనము తగినంతగా గమనించినట్లు లేదు. మూడు లోకములును తనవేయైన విష్ణువు, బలిచక్రవర్తి యెదుట చేయి చాచి, తన పాదములతో కొలిచిన మూడడుగుల నేల చాలునని యాచించినాడు. ఇచ్చినచో సర్వస్వము పోవునని శుక్రాచార్యుడు హెచ్చరించినాడు. ఆ హెచ్చరిక వినియు బలి యిచ్చినాడు. అడిగినప్పుడు పొట్టివాడు, కొలిచినప్పుడు త్రివిక్రముడు. రెండడుగులతో భూమ్యాకాశములు చెల్లిపోయినవి. మూడవ యడుగునకు బలి తన శిరస్సును చూపినాడు. కొద్దిగా నడిగి కొండంత యాక్రమించుట మోసము కాదా యని చదువరికి మనస్సులో కలుగును. వారుణపాశములతో బంధింపబడిన భర్తను చూచి వింధ్యావళియు, మనుమని చూచి ప్రహ్లాదుడును ఆ దేవుని యెదుటనే నిలిచి మాటలాడినారు. పోతన వారి నోళ్ళు మూయలేదు. పిమ్మట జరిగినది నన్ను ప్రతిసారియు నిలువబెట్టును. బలికి సుతలమను లోకమును ఇచ్చి, దేవుడు తాను గద చేత ధరించి ఆ సుతలద్వారమున కావలి యున్నాడు. భూమి తీసికొన్నవాడు భూమి యిచ్చినవాని వాకిట నౌకరైనాడు. దానము పుచ్చుకొన్నంతనే పని తీరిపోయినదని తలంపక, పుచ్చుకొనుటతోడనే ఋణము మొదలైనదని భగవంతుడు భావించినాడన్నమాట.

మన నడుమ ఈ కథకు సమీపముగా నొక కార్యము జరుగుచున్నది. జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ప్రధానముగా పాత వరంగల్లు జిల్లానుండి ఏర్పడినవి. ఈ మూడింటికిని నడుమ మామునూరు విమానాశ్రయమున్నది. నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలమున 1930లో అది వెలసినది; 1981లో మూతపడినది. శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చిలో ప్రారంభమైనప్పుడు, దానికి 150 కిలోమీటర్లలోపల మఱియొకటి రాగూడదన్న నిబంధన ఒప్పందములో నుండుటచే మామునూరు మఱింత వెనుకబడినది. ఆ యడ్డంకి తొలగి, 2025 ఫిబ్రవరి 28న కేంద్రప్రభుత్వము అనుమతి నిచ్చినది. అచట నిప్పటికే 696 ఎకరములున్నవి. రన్‌వే పొడిగింపునకును తక్కిన కట్టడములకును ఇంకను 253 ఎకరములు కావలసివచ్చినవి. రాష్ట్రప్రభుత్వము భూసేకరణకై 205 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. నక్కలపల్లి, గుంటూరుపల్లి మొదలగు ఊళ్ళ రైతులు అడిగినవి రెండు: భూమికి న్యాయమైన మూల్యము, ఊరికి పోవుటకు దారి.

విమానాశ్రయము వలదని నేననను. మహబూబాబాదు మిర్చిరైతు కుమారుడు దేశాంతరము పోవలసినను, భూపాలపల్లి గని కార్మికుని బిడ్డ అత్యవసర చికిత్సకై ఒక మహానగరమునకు చేరవలసినను హైదరాబాదు దాక రాత్రంతయు ప్రయాణము చేయకుండుట మేలే. నేనడుగునది వేఱు. సూత్రకారుడు ఈశ్వరుని పక్షమున చెప్పిన సమాధానమేమి? ఈశ్వరుడు జీవుల కర్మను అపేక్షించి సృష్టి చేయుచున్నాడు గనుక దోషములేదనియే గదా. వాన అన్ని విత్తనములకు సమానమే. మొలకల భేదము విత్తనములదని భాష్యకారులు దృష్టాంతమిచ్చినారు. ఆ సమాధానము ఈశ్వరునకు చెల్లును. కర్మనంతయు నెఱిగినవాడాతడు గనుక. పటముమీద గీత గీయు మానవునకు అది చెల్లదు. నీ పొలము రన్‌వే దారిలో పడుట నీ ప్రారబ్ధమని రైతుతో పలుకు అధికారము ఏ యింజనీరునకును, ఏ మంత్రికిని, ఏ వేదాంతికిని లేదు. ఈశ్వరునివలె నిర్మింపగోరువాడు ఈశ్వరుని రక్షణవాదమును అరువు తెచ్చుకొనక, వామనుని కావలిపనిని స్వీకరింపవలెను.

స్వీకరింపనిచో నేమగునో భారతము చెప్పుచున్నది. ఇంద్రప్రస్థపు మయసభకు ముందు ఖాండవదహనమున్నది. కృష్ణార్జునులు కావలి యుండగా అడవి అంతయు కాలినది. తప్పించుకొన్నవారిలో నొకడైన మయుడు కృతజ్ఞతతో సభను కట్టినాడు. ఆ దహనసమయమున తక్షకుని భార్య అర్జునుని బాణమునకు మరణించినది. అర్జునుని మనుమడైన పరీక్షిత్తు మునిశాపముచే మరణించినది ఆ తక్షకుని కాటునకే. ఆ మరణమునకు ముందున్న ఏడుదినములలో శుకుడు వినిపించినదే భాగవతము. పోతన తెనిగించిన గ్రంథమునకు నేపథ్యమున ఒక కాల్చబడిన అడవి యున్నదని తలచినపుడు నాకు వామనచరిత్రము మఱింత గంభీరముగా తోచును.

మన తెలంగాణ పల్లెలో ఊరిని కట్టుటయన నేమో బొడ్రాయి చెప్పును. ఊరు వెలయునపుడు నడిబొడ్డున నాటిన ఆ రాయి గ్రామమునకు నాభి. దానిని పునఃప్రతిష్ఠించునపుడు ఊరి పొలిమేరలు మూసివేయుదురు. అత్తవారిండ్లలోనున్న ఆడబిడ్డలనందఱను పిలిపింతురు. ముసలివారినుండి చంటిబిడ్డల తల్లులవరకు బిందెలతో నీళ్ళు తెచ్చి ఆ రాతిమీద పోయుదురు. పసుపుకుంకుమలతో అది ఎఱ్ఱగా తడిసి మెఱయును. భూపాలపల్లి వైపు సింగరేణి ఉపరితల గనులకై ఊళ్ళు కదలవలసివచ్చినపుడు ఇండ్లకు ధర కట్టుదురు, చెట్లకు ధర కట్టుదురు. బొడ్రాయికి ధర కట్టు పట్టిక యేది? ఊరు ఒక మనుష్యసమూహము మాత్రమే కాదు, ఒక ప్రతిష్ఠ. ప్రతిష్ఠించిన దేవతను కదల్చునపుడు ఉద్వాసన చెప్పి, అనుజ్ఞ గైకొని, క్రొత్తచోట మరల ప్రతిష్ఠింపవలెనని మన ఆగమములు విధించినవి. ఊరికి ఆ మర్యాద జరుగవలదా?

నిర్మాణము వలన నేల మునుగునని మన పూర్వులకు తెలియును. మహబూబాబాదు జిల్లా బయ్యారమున కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన చెరువున్నది. అచ్చటి శాసనము కాకతీయుల వంశావళికి ముఖ్యాధారము. ఆ కాలపు చెరువు నిర్మాతలు చెరువును సప్తసంతానములలో నొకటిగా, తమ బిడ్డగా నెంచినారు. దాని మరమ్మతులకై దశబంధమను మాన్యములేర్పరచినారు. దానశాసనముల కడపట, ఈ ధర్మమును తరువాత కాపాడువారు మా వంశమువారైనను పరులైనను వారికి శిరస్సున అంజలి ఘటించుచున్నామని దాత నమస్కరించుట పరిపాటి. చేసిన ధర్మమునకు తాను కాపుండజాలని కాలము వచ్చునని ఎఱిగి, ఆ కావలిని ముందుతరములవారికి అప్పగించుటయే ఆ నమస్కారమునకు అర్థము.

మామునూరు నేల నాడు తీసికొన్న రాజ్యము 1948లో గతించినది. విమానములు ఆగిపోయిన పిమ్మట నాలుగు దశాబ్దములకు పైగా ఆ రన్‌వే ఎండకు వానకు పడియుండగా, చుట్టుపట్ల తరములు పుట్టి పెరిగినవి. నేల చేతులు మాఱినది. ఋణము కూడ దానితోపాటే మాఱినది, ఇప్పుడది భారత విమానాశ్రయాధికార సంస్థదియు రాష్ట్రప్రభుత్వముదియు, అచ్చటినుండి విమానమెక్కబోవు మనందఱిదియు. నక్కలపల్లి రైతు బలివలె త్రిలోకాధిపతి కాడు. వానికి సుతలము నెవ్వరును సృష్టించి యీయలేరు. అయినను వాని దారి విమానాశ్రయపు ప్రహరీతో తెగిపోకముందే క్రొత్తదారి వేయవచ్చును. వాని బిడ్డలకు ఆ టెర్మినలులో మొదటి నియామకములు జరుపవచ్చును. పరిహారపు సొమ్ము వాని చేతికి ముట్టిన తరువాతనే యంత్రమును వాని గట్టుమీదికి నడపవచ్చును.