రాయి మోసగించునా?

తొలకరి జల్లులు పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర ప్రాంతముల చేలలో నేలమీదనే చూపు నిలిపి, సాళ్లవెంబడి వంగి నడచు వజ్రాన్వేషకుల చేతికి, వజ్రముకంటె ఎన్నో రెట్లు తఱచుగా దొరకునది పలుగురాయియో, కాల్సెడొనీయో, దాని బంధువర్గమునకు చెందిన మఱియొక రంగురాయియో అగుచుండును. దానిని వజ్రమని నమ్మి దాచుకొన్నవాడు తుదకు రాయి తన్ను మోసగించినదని నిట్టూర్చును. మోసము రాతియందున్నదా, చూపునందున్నదా? మన దర్శనకారులు ముత్యపుచిప్పను వెండిగా చూచినవాని దృష్టాంతముతో ఈ ప్రశ్నను శతాబ్దముల తరబడి విచారించిరి.

ఆ వెండి సత్తనిగాని అసత్తనిగాని నిర్వచింపరానిదని అద్వైతు లనిరి. చిప్పలోను వెండి యంశ కొంత కలదు గనుక జ్ఞానమంతయు యథార్థమే యని, మన అహోబిల మఠము అనుసరించు రామానుజ సంప్రదాయము పలికినది. ఎదుట కనబడుదానికిని, స్మృతిలో మెదలుదానికిని గల భేదమును గ్రహింపకపోవుటయే భ్రాంతి యని ప్రాభాకరులు వాదించిరి. మన చేలలోని రాతివిషయమున నాకు ప్రాభాకరుల మాటయే సరియని తోచును. ఏలయన వజ్రము కర్బనము, ఈ రాళ్లు సిలికా. కంటికి కనబడినది తళుకు మాత్రమే. వజ్రమును తెచ్చి దానికి అతికించినది ఆశ.

భేదమును గ్రహించు ఉపాయములు దుర్లభములు కావు. కాల్సెడొనీకి మైనము వంటి మెత్తని నిగారింపు కలదు. పలుచని అంచును ఎండ కెదురుగా పట్టినచో వెలుగు లోనికి చొచ్చును, జాస్పరులో చొరదు. రంగులు పొరలు పొరలుగా తీరియున్నచో అది అగేటు. చాకుమొన దీనిపై గీత పెట్టజాలదు, ఇదియే గాజును గీయును. మోస్ కొలతలో దీని కాఠిన్యము 7కు చేరువ, వజ్రమునకు 10. బేతంచెర్ల నాపరాతిపై సజల హైడ్రోక్లోరికామ్లము ఒక చుక్క వేసిన బుసబుస పొంగును, కాల్సెడొనీ చలింపదు. స్ఫటికములో కోణములు తీర్చుకొన్న ద్రవ్యమే కాల్సెడొనీలో సూక్ష్మదర్శినికి మాత్రమే అందు నారలుగా అల్లుకొన్నది. ఓపలులో నీటిని చేర్చుకొని కొంత మెత్తబడినది. కడపజిల్లా వేంపల్లె డోలమైటు పొరలలో చెర్టు పట్టీలై నిలిచినది. మూలద్రవ్య మొకటే యని ఈ భేదములను మిథ్యగా త్రోసివేయుటకు నా మనస్సొప్పదు.

బనగానపల్లె సమీపమున జ్వాలాపురములో సుమారు 35,000 ఏండ్లనాటి మానవులు చెర్టును, కాల్సెడొనీని ఏరి తెచ్చి, సన్నని పెచ్చులుగా చీల్చి పనిముట్లు చేసికొనిరి. పగిలినచోట వాడియైన అంచు తేలుటయే వారు దానిలో కోరిన గుణము. ఉన్న గుణమునే చూచిన ఆ చూపులో భ్రాంతి లేదు. కావున తొలకరిలో రాయి దొరికిన సోదరులకు నాదొక మనవి: వజ్రము కాదని తేలగానే దానిని గట్టున విసరివేయక, అది ఏమైయున్నదో గాజుపై గీచి, వెలుగున కెత్తి ఒక్కమారు చూడుడు.