కుజుడి ఫోటో చూశాక కూడా దండం పెట్టాలా?

మొన్న ప్రవచనం అయ్యాక ఒక తమ్ముడు దగ్గరికొచ్చాడు. సొంతూరు అనంతపురం జిల్లా బెళుగుప్ప, ఉద్యోగం బెంగళూరులో. ఫోన్ తీసి మంగళయాన్ పంపిన అంగారకుడి ఫోటో చూపించాడు.

"గురువుగారూ, ఇది ఉత్త ఎర్రమట్టి గోళం. మా నాయన మాత్రం ప్రతి మంగళవారం కందులు పట్టుకొని కుజుడి చుట్టూ తిరుగుతాడు, చేను పండాలని. మానేయమని చెప్పనా?"

తొందరపడొద్దు నాయనా, ముందు ఆ ఫోటోనే బాగా చూద్దాం.

2013 నవంబరు 5న మన శ్రీహరికోట నుంచి బయలుదేరిన మంగళయాన్, 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలోకి చేరి ఈ ఫోటోలు పంపింది. అంతకు చాలా ముందే, 1971లో అక్కడికి చేరిన మారినర్ 9 ఫోటోల్లో ఇంకో సంగతి బయటపడింది. ఒకప్పుడు నీళ్లు పారి, తర్వాత ఎండిపోయిన నదుల జాడలు! గాలి పొర పలచబడిపోయింది. నీళ్లలో కొంత అంతరిక్షంలోకి పోయింది, కొంత మంచుగా, రాళ్లలో తేమగా మిగిలింది.

ఇవన్నీ మన పెద్దలు ముందే చెప్పేశారని నేను అనను. ఫోటో తీసిన ఘనత శాస్త్రవేత్తలదే. పెద్దలు చెప్పింది వేరే. "కు" అంటే భూమి, "జ" అంటే పుట్టినవాడు. కుజుడు భూదేవి కొడుకు, భూమికారకుడు. అందుకే రైతు ఆయనకు మొక్కుతాడు.

ఇప్పుడు రెండూ కలిపి చూడు. కొడుకు ఒంటి మీద నదులు ఎండిపోయాయి. తల్లి ఒంటి మీద ఇంకా పారుతున్నాయి. ఎండిన వంక ఎలా ఉంటుందో నీకు ఒకరు చెప్పాలా? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మీది. వేరుశనగ వేసి మబ్బు వైపు చూసే బతుకు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణమ్మను మోటార్లతో ఎత్తిపోస్తే, హంద్రీ-నీవా కాలువ మీదుగా మీ జీడిపల్లి జలాశయానికి చేరుతోంది. నీటి విలువ మీ నాయనకు తెలుసు. ఆయన దండం పెట్టేది రాయికి కాదు, తన చేతిలో లేనిదాని ముందు తలవంచుతున్నాడు. ప్రదక్షిణ అయ్యాక మళ్లీ చేనికే కదా పోతున్నాడు!

కాబట్టి మానేయమని చెప్పకు. ఈ మంగళవారం ఊరికి వెళ్లు, ఆయన వెంట నువ్వూ తిరుగు. తర్వాత అరుగు మీద కూర్చొని ఆ ఫోటో చూపించి, "నాయనా, ఇక్కడ కూడా ఒకప్పుడు నీళ్లు పారాయంట" అని చెప్పు. ఆయన ఏమంటాడో విను. బెంగళూరు తిరిగొచ్చాక కుళాయి కట్టేసేటప్పుడు ఆ మాట గుర్తు తెచ్చుకో. అదీ నీ వంతు పూజ.

మీరు కూడా ఈ వారం ఇంటికి ఒక ఫోన్ చేసి, "వాన పడిందా?" అని అడగండి.

ఓం నమశ్శివాయ.