నకులుణ్ణి కోరుకున్న ధర్మరాజు

ద్వైతవనంలో ఒక మర్రిచెట్టు కింద అయిదుగురు అన్నదమ్ములు అలిసిపోయి కూర్చున్నారు. అంతకుముందు, నిత్యం అగ్నిహోత్రం చేసుకునే ఒక బ్రాహ్మణుడి అరణి, అంటే నిప్పు పుట్టించే కొయ్య, లేడి కొమ్ములకు చిక్కుకుంది. ఆ లేడి అడవిలోకి పారిపోయింది. అరణిని తెచ్చిపెడతామని పాండవులు మాట ఇచ్చి వెంటపడ్డారు. లేడి దొరకలేదు, గొంతులు మాత్రం ఎండిపోయాయి. మన వంశంలో ఏనాడూ ధర్మం తప్పలేదే, మనకెందుకీ గతి అని నకులుడు వాపోయాడు. ఆ మాటతో అందరికీ పాత గాయాలు రేగాయి. ద్రౌపదిని దాసిలా సభకు తెచ్చిననాడే దుర్యోధనుడి దూత ప్రాతికామిని చంపకపోవడం వల్ల ఇలా అయిందన్నాడు భీముడు. కర్ణుడి పరుషవాక్యాలను సహించడం వల్లే అన్నాడు అర్జునుడు. జూదంలో మనల్ని గెలిచిన రోజే శకునిని చంపి ఉండాల్సిందన్నాడు సహదేవుడు. ధర్మరాజు ఆ వాదనలోకి దిగలేదు. నకులుణ్ణి పిలిచి, చెట్టెక్కి చుట్టుపక్కల ఎక్కడైనా నీళ్లున్నాయేమో చూడమన్నాడు.

యక్షప్రశ్నలు అనగానే మనకు ప్రశ్నలు, జవాబులే గుర్తుకొస్తాయి. వాటికి ముందు జరిగిన ఈ చిన్న సంభాషణను ఎవరూ పెద్దగా తలచుకోరు. రేపటి గురించి దిగులుపడే ప్రతి ఇంటికీ ఇందులో చెప్పుకోదగ్గది చాలా ఉంది.

ఆ సమయం ఎలాంటిదో చూడండి. పన్నెండేళ్ల వనవాసం ముగియవస్తోంది. ముందున్నది అజ్ఞాతవాసం. ఆ ఒక్క ఏడాదిలో ఎవరైనా గుర్తుపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవులే. ఎవరూ గుర్తుపట్టకుండా గడిచినా దుర్యోధనుడు రాజ్యం ఇస్తాడన్న నమ్మకం లేదు. యుద్ధమే వస్తే ఎదురుగా నిలిచేది భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు. ఇంతకంటే గుబులు పుట్టించే భవిష్యత్తు ఎవరికుంటుంది? ఇంటర్ ఫలితాల కోసం ఎదురుచూసే పిల్లలకు, వీసా పొడిగిస్తారో లేదోనని అమెరికాలో నిద్రపట్టని కొడుక్కి, మొలకలొచ్చాక మొహం చాటేసిన మబ్బు కోసం చూసే రైతుకు, ఆడపిల్ల పెళ్లికి బంగారం కుదువపెట్టిన తల్లికి ధర్మరాజు దూరపువాడేమీ కాడు.

పైగా ఆయన భయం లేని మనిషి కూడా కాడు. భారతం ఈ సంగతిని దాచలేదు. కర్ణుడి గురించి ఆయన మనసులో ఒక తీవ్రమైన భయం ఉండేది. దాన్ని ఆయన ఎక్కడా పైకి చెప్పుకోలేదు. ఎవరికీ చెప్పని ఆ భయాన్ని తాను తొలగిస్తానని ఇంద్రుడు రోమశ మహర్షితో కబురు పంపాల్సి వచ్చింది. అన్నగారు, ఇంటికి పెద్ద, నలుగురు తమ్ముళ్లూ తన ముఖం చూసి ధైర్యం తెచ్చుకునేవారు. అలాంటివాడు భయాన్ని ఎవరితో చెప్పుకుంటాడు? మన ఇళ్లలో ఎందరు తండ్రులు అప్పు సంగతి, ఉద్యోగం ఊగిసలాట సంగతి ఇలాగే గుండెల్లో పెట్టుకుని అన్నం దగ్గర నవ్వుతూ కూర్చుంటారో! భయపడటం భక్తికి లోటు అని కొందరు ప్రవచనాల్లో చెబుతుంటారు. ధర్మరాజు చరిత్ర చదివాక నేనా మాట ఒప్పుకోలేను.

ఆయనకు మరో భయమూ ఉండేది. జూదంలో ఆరితేరినవాడెవడైనా మళ్లీ పిలుస్తాడేమోనన్న భయం. నా అంత దురదృష్టవంతుడు లోకంలో ఉన్నాడా అని బృహదశ్వ మహర్షి ముందు కుమిలిపోయాడు. ఆ మహర్షి నలదమయంతుల కథ చెప్పి ఊరుకోలేదు. భయం పోయేలా అక్షహృదయం, అంటే పాచికల విద్య నేర్పాడు. ఓదార్పుతో పాటు చేతికొక పని కూడా ఇచ్చాడన్నమాట. ఆ విద్యే తరువాత విరాటరాజు కొలువులో కంకుభట్టుగా ధర్మరాజుకు జీవనాధారమయింది. నేర్చుకుంటే తీరే భయాన్ని జపంతో తీర్చుకోవాలని చూడటం వృథా. వచ్చే నెల వాయిదా కట్టగలమా అన్న బెంగకు ఆదాయం, ఖర్చు కాగితం మీద రాసుకుని చూడటమే మొదటి పూజ.

మళ్లీ ఆ మర్రిచెట్టు దగ్గరకు వద్దాం. నీళ్ల కోసం సరస్సుకు వెళ్లిన నకులుడు తిరిగి రాలేదు. తరువాత వెళ్లిన సహదేవుడు, అర్జునుడు, భీముడు కూడా రాలేదు. చివరికి తానే వెళ్లిన ధర్మరాజుకు ఒడ్డున నలుగురు తమ్ముళ్లూ నిర్జీవంగా కనిపించారు. ఆయన ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాడు.  ఆ తరువాత కళ్లు తుడుచుకుని పరిశీలించడం మొదలుపెట్టాడు. దేహాల మీద ఆయుధపు గాయాలున్నాయా? లేవు. వచ్చినవాడి అడుగుజాడలున్నాయా? లేవు. దుర్యోధనుడి మనుషులు నీళ్లలో విషం కలిపారా? కలిపితే ముఖాలు రంగు మారాలి, మారలేదు. ఊహల్లోని శత్రువులను ఒక్కొక్కరినీ కంటిముందున్న ఆధారంతో పక్కకు తప్పించాడు. అర్ధరాత్రి మన బుర్రలో జరిగే దానికి ఇది పూర్తిగా విరుద్ధం. అక్కడ ఆధారం లేకుండానే ఒక అనుమానం ఇంకో అనుమానానికి తోడవుతుంది. తెల్లారేసరికి రానున్న ఇరవై ఏళ్లూ చెడిపోయినట్టే అనిపిస్తుంది.

తన ప్రశ్నలకు జవాబివ్వకుండా నీళ్లు తాగినందుకే తమ్ముళ్లు పడిపోయారని ఆ సరస్సును కాచే యక్షుడు చెప్పాడు. అప్పుడు అతడి ప్రశ్నలు మొదలయ్యాయి. నాకు తెలిసినంతలో చెబుతానన్నాడు ధర్మరాజు. గడ్డిపరకల కంటే లెక్కకు మిక్కిలిగా ఉండేవి ఏమిటని యక్షుడు అడిగితే, మనిషి చింతలు అని జవాబిచ్చాడు. పన్నెండేళ్లు గడ్డి మీద పడుకున్నవాడి నోట ఆ జవాబు వస్తే ఎంత బరువుగా ఉంటుంది! ఇంకోచోట సుఖంగా ఉండేది ఎవడని అడిగితే, పొద్దు వాలాకైనా సొంత ఇంట్లో ఇంత ఆకుకూర వండుకుని తినేవాడు, అప్పులేనివాడు, పరాయిచోట బతకనివాడు అన్నాడు. సొంత ఇల్లు లేక, అడవులు పట్టి తిరుగుతున్న మనిషి సుఖానికి చెప్పిన కొలత అది. పోయిన ఇంద్రప్రస్థం ఊసు అందులో లేదు. ఎంత కావాలో తెలియనప్పుడు రేపటి భయానికి అడుగు దొరకదు. పిల్లల చదువులు, పెళ్లిళ్లు, ఇళ్లు అన్నింటికీ పక్కింటివారి కొలతే మన కొలతగా పెట్టుకున్నంతకాలం ఎంత సంపాదించినా గుబులు తగ్గదు.

అసలు పరీక్ష ప్రశ్నలన్నీ అయిపోయాక వచ్చింది. నీ తమ్ముళ్లలో ఒక్కణ్ణి బతికిస్తాను, ఎవరు కావాలో కోరుకోమన్నాడు యక్షుడు. ధర్మరాజు నకులుణ్ణి కోరాడు. యక్షుడికే ఆశ్చర్యం కలిగింది. పదివేల ఏనుగుల బలమున్న భీముణ్ణి, అందరికీ అండగా నిలిచే అర్జునుణ్ణి వదిలి సవతి తల్లి కొడుకును ఎందుకు కోరావని అడిగాడు.

ఆ ప్రశ్న రేపటి వైపు నుంచి వచ్చింది. రేపు యుద్ధం. అర్జునుడి దగ్గర పాశుపతం ఉంది, ఇంద్రలోకంలో సంపాదించిన దివ్యాస్త్రాలున్నాయి. భయంతో లెక్క వేసే ఎవరైనా అర్జునుణ్ణే కోరతారు. ఆ లెక్కలో తప్పు పట్టడానికీ వీల్లేదు. ధర్మరాజు మాత్రం మా తండ్రికి కుంతి, మాద్రి ఇద్దరూ భార్యలే, కుంతి కొడుకుగా నేనున్నాను, మాద్రికీ ఒక కొడుకు మిగలాలి అన్నాడు. మాద్రి ఏనాడో చనిపోయింది. ఇదేమి న్యాయమని నిలదీయడానికి ఆవిడ లేదు. అయినా ఆ తల్లికి న్యాయం చేయడం ఈ క్షణంలో తన పని అనుకున్నాడు. కర్ణుడంటే భయం ఆయన మనసులోంచి ఆ పూట మాయమైపోయిందని ఎవరూ చెప్పలేరు. ఆ భయం చేతికి నిర్ణయాన్ని మాత్రం అప్పగించలేదు.

ఆ నిర్ణయానికి మెచ్చి యక్షుడు నలుగురినీ బతికించాడు. తాను యమధర్మరాజునని చెప్పి వరాలు కోరుకోమన్నాడు. మొదటి వరంగా ధర్మరాజు ఏం అడిగాడో గమనించారా? బ్రాహ్మణుడి అరణి తిరిగి ఇప్పించమన్నాడు. తమ్ముళ్లు చచ్చి బతికిన రోజున, రాజ్యం పోయి పన్నెండేళ్లయిన స్థితిలో, పొద్దున్న ఇచ్చిన మాటే ముందు గుర్తొచ్చింది. పదమూడో ఏడు ఎవరూ గుర్తుపట్టకుండా గడవాలన్నది రెండో కోరిక. లోభం, మోహం, కోపం జయించే మనసు మూడోది. రేపటి గురించి దేవుణ్ణి అడగకూడదని ఆయన అనుకోలేదు. అడిగాడు, వరుసలో రెండోదిగా అడిగాడు.

వరం దొరికింది కదా అని పాండవులు నిశ్చింతగా నడుచుకుంటూ విరాటనగరంలోకి వెళ్లలేదు. రాజు కొలువులో ఎలా మసలుకోవాలో ధౌమ్యుడి దగ్గర చెప్పించుకున్నారు. పేర్లు, వేషాలు మార్చుకున్నారు. ఆయుధాలను మూటకట్టి జమ్మిచెట్టు మీద దాచారు. దసరా నాడు మనం జమ్మి దగ్గరకు వెళ్లి ప్రదక్షిణ చేసేటప్పుడు తలచుకునేది ఈ సంగతినే. దేవుడి మీద భారం వేశామని చెప్పేవాళ్లు ఆ జమ్మిచెట్టును ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి.

ఇళ్లలో నేను ఎక్కువగా చూసే నష్టం దిగులు వల్ల కాదు, దిగులుతో తీసుకునే నిర్ణయాల వల్ల. వెనకబడతాడేమోనని పిల్లాడిని వాడికి గిట్టని కోర్సులో వేస్తారు. వయసు మించిపోతుందేమోనని అమ్మాయికి ఇష్టం లేని సంబంధం ఖాయం చేస్తారు. ఏ జబ్బు బయటపడుతుందోనని పరీక్ష చేయించుకోకుండా నెలలు గడిపేస్తారు. ముసలి తల్లిదండ్రుల మందుల ఖర్చును రేపటి పొదుపు పేరుతో తగ్గించేస్తారు. మాద్రి లాగే వీళ్లలో చాలామంది ఎదురు ప్రశ్నించలేనివాళ్లు.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, గుండెదడ, ఆకలి మందగించడం వంటివి వదలకపోయినా వైద్యుడి దగ్గరకు వెళ్లండి. అది నమ్మకం లేకపోవడం కాదు. ధర్మరాజుకు సాయం మహర్షుల రూపంలో వచ్చింది, మనకు వైద్యుల రూపంలో రావచ్చు. కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నట్టుండి మాటలు తగ్గిస్తే పక్కన కూర్చుని అడగండి. వాళ్లంతట వాళ్లు చెబుతారని ఎదురుచూడకండి.

ఈ కథ తెలుగు భారతంలో అరణ్యపర్వం చివర ఉంది, ఎర్రన పూర్తిచేసిన భాగంలో. వచనంలో రాసిన పుస్తకాలూ తేలిగ్గానే దొరుకుతాయి. ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని చదవండి. పరీక్షల ఫలితాల కోసం ఎదురుచూస్తున్న పిల్లలుంటే వాళ్ల చేతే చదివించండి. యక్షుడి ప్రశ్నల దగ్గర ఆపేయకుండా, మర్రిచెట్టు కింద మాటల నుంచి మూడు వరాల దాకా చదివించండి.