వేరు పట్టిందా?

పోయిన ఎండాకాలం ఒక మిత్రుడి ఇంట్లో ఫైకస్ చెట్టును కత్తిరిస్తున్నారు. పారేయబోతున్న కొమ్మల్లోంచి పెన్సిలంత లావువి ఎనిమిది ఏరి ఇంటికి తెచ్చుకున్నాను. మర్రి, రావి, మేడి, జువ్వి వంశంలోదే ఈ చెట్టు. వాటిని బతికించి, మెల్లగా బాన్సాయ్ చేయాలని నా ఆశ. ఎనిమిదింటిలో ఐదు చచ్చిపోయాయి. వాటిని చంపింది నేనేనని తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఈ నాలుగు మాటలూ ఆ ఐదు కొమ్మల గురించే.

మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, నేను రాసేది తెలుగు. కొమ్మ కోసి నాటడాన్ని మా ఇంట్లో 'ఖలం లగానా' అంటాం. రాసే కలమూ అదే, నాటే కొమ్మా అదే. తెలుగులో 'వేరు' అంటే చెట్టుకూ నేలకూ ఉన్న బంధం. ఆ మాటకే 'విడి' అనీ, 'మనది కానిది' అనీ అర్థం ఉంది. ఒకే మాట ఈ రెండర్థాలూ మోస్తున్న చోట, నీ వేరు ఎక్కడుందని అడగడం అంత అమాయకమైన ప్రశ్నేమీ కాదు.

కొమ్మను కణుపు కింద కోస్తే తెల్లటి పాలు కారతాయి. వాటిని కడిగి, కోతను కాసేపు ఆరనివ్వాలి. రెండు మూడు ఆకులుంచి మిగతావి తీసెయ్యాలి. వేరు లేని కొమ్మ అన్ని ఆకులకు నీళ్లు అందించలేదు. ఇసుక, కొబ్బరిపొట్టు కలిపిన తడి మిశ్రమంలో గుచ్చి నీడన పెట్టాలి. చిగుళ్లలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగి కోత దగ్గర పోగవుతుంది. అప్పటిదాకా కాండంగా బతికిన కణాల్లో కొన్ని వేళ్లుగా మారడం మొదలుపెడతాయి. వాతావరణం వెచ్చగా ఉంటే ఇదంతా జరగడానికి ఇంచుమించు మూడు నుంచి ఆరు వారాలు. ఇలా పుట్టేవాటిని మన వృక్షశాస్త్ర పుస్తకాలు 'అబ్బురపు వేళ్లు' అంటాయి. విత్తనం నుంచి మొలిచిన మొక్కకుండే తల్లివేరు ఈ కొమ్మలకు ఉండదు.

మరి నేనేం చేశాను? ప్రతి ఆదివారం ఒక్కొక్క కొమ్మనూ పైకి లాగి, వేరు పట్టిందా లేదా అని చూశాను. చూసి మళ్లీ గుచ్చాను. కొత్త వేరు చాలా పెళుసు. దాని మీది నూగు ఇంకా సున్నితం. నీళ్లు తాగేది ఎక్కువగా ఆ నూగుతోనే. లాగిన ప్రతిసారీ అది తెగిపోయింది. ఇంకా పట్టలేదని నేను విసుక్కున్నాను.

ఆకులు కూడా నన్ను మోసం చేశాయి. చిగురు వేసిన కొమ్మ బతికిందనుకున్నాను. అది కాండంలో దాచుకున్న బలంతో వేసిన చిగురు, అడుగున వేరే లేదు. ఇంకొకటి ఆకులన్నీ రాల్చింది. పారేద్దామని లాగితే, దానికి రెండంగుళాల వేరుంది. లాగడంతో అది కాస్తా తెగింది.

మిగిలినవాటిని నీళ్లతో చంపాను. ఆకులు వాడితే దాహమనుకుని ఇంకా పోశాను. వేరుకు నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టిలోని సందులన్నీ నీళ్లతో నిండితే దానికి ఊపిరాడదు. ఆ నీరసంలో పిథియం వంటి తెగుళ్లు పట్టుకుంటాయి. ఆరోగ్యమైన లేతవేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లినది నల్లబడి, వేళ్లతో నొక్కితే పైతోలు జారిపోయి లోపల దారంలాంటిది మిగులుతుంది. అలాంటి వేరు నీళ్లు తాగలేదు కనుక ఆకు వాడుతుంది. నేను మాత్రం మొక్కనే తప్పుపట్టాను. నా టబ్బుకు అడుగున చిల్లులు సరిగా ఉన్నాయో లేదో ఒక్కసారీ చూడలేదు.

చివరికి నర్సరీలో ఒక ముసలి మాలీని అడిగితే, ఆయన నవ్వి, "జడ్ కో దేఖ్నా నై సాబ్, పకడ్నే దేనా" అన్నాడు. వేరును చూడటం కాదు, దాన్ని పట్టనివ్వాలి అని.

తోటమాలికి తెలుసుకునే హక్కు లేదా అని మీరడగొచ్చు. ఉంది. కుండీ అడుగు చిల్లులోంచి వేరు మొన కనబడేదాకా ఆగొచ్చు. పారదర్శకమైన గ్లాసులో నాటి, చుట్టూ నల్లకాగితం చుట్టి, అప్పుడప్పుడు విప్పి చూడొచ్చు. గాయం చేయకుండా తెలుసుకునే దారులు ఉన్నాయి. వాటికి ఓపిక కావాలి, అంతే. అయితే పరీక్ష కుండీతో మొదలవ్వాలి. నీళ్లు దిగుతున్నాయా, గాలి ఆడుతోందా అన్నవి నాకు నేను వేసుకోవలసిన ప్రశ్నలు. వేరు పట్టిందా అన్నది ఆ తర్వాతి ప్రశ్న.

అద్దె ఇంటి కోసం వెళ్లి పేరు చెప్పగానే వచ్చే రెండో ప్రశ్న ఈ వ్యాసం చదివేవారిలో కొందరికి అనుభవమే. ఎన్ని తరాల్నుంచి ఉంటున్నా సరే, ఊళ్లో ఏదైనా జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి లాగి చూస్తారు. అయితే నేనూ తక్కువ తినలేదు. మా అబ్బాయి ఉర్దూ అక్షరాలు మరిచిపోతున్నాడేమోనని రోజూ వాణ్ని చదివించి పరీక్షిస్తాను. వాడు ఉర్దూ పుస్తకం కనబడితే మొహం తిప్పుకుంటున్నాడు.

ఇక తల్లివేరు లేని చెట్టు తక్కువదా? హౌరాలో శిబ్‌పూర్ వృక్షశాస్త్ర ఉద్యానంలోని మహా మర్రికి బూజు తెగులు సోకితే, 1925లో దాని అసలు మానునే తీసేశారు. ఆ చెట్టు ఈనాటికీ మూడు వేలకు పైగా ఊడల మీద నిలబడి ఉంది. ఎక్కడ మొదలైందో చూపించడానికి దానికి మాను లేదు. అయినా అది చెట్టు కాదని ఎవరూ అనరు.

బాన్సాయ్ చేసేవాడు తర్వాత తనూ వేళ్లు కోస్తాడు కదా అంటే, నిజమే. కోయకపోతే అవి కుండీలో చుట్టుకుని మొక్కనే బిగిస్తాయి. అదను చూసి, కొద్దికొద్దిగా కోసి, కొత్తవి వచ్చేదాకా కాపలా ఉండటం ఒక పని. నమ్మకం లేక లాగడం వేరే పని. అయినా నా ముచ్చట కోసం ఒక చెట్టును చిన్నదిగా ఉంచడం న్యాయమేనా అన్న శంక నాకింకా తీరలేదు.

మూడు కొమ్మలు మిగిలాయి. టబ్బు మార్చాను. వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరితేనే నీళ్లు పోస్తున్నాను. ఈమధ్య ఒక కుండీ అడుగు చిల్లులో తెల్లటి మొన ఒకటి కనబడింది. మిగతా రెండింటి సంగతి తెలియదు. ఆదివారాలు వస్తున్నాయి, పోతున్నాయి. నేను లాగి చూడటం లేదు.